వసంతం వచ్చింది గదా, ఇక ఏడుపెందుకు?

ఏ కాలేజీ సావనీరు విప్పినా వసంతం మీద కనీసం రెండు గీతాలు తప్పవు. ఈ సంచికలోనూ వుండే వుంటాయి. సంపాదకవర్గంలోని మిత్రులు ఏమీ అనుకోకూడదు. శిశిరం పోతుంది, వసంతం వస్తుంది, కాబట్టి కళ్ళు తుడుచుకో అన్నది ఆ గీతాల సారాంశం. ప్రేమలో దెబ్బతిన్న కుర్రవాడికీ ఇదే మందు, బిడ్డను పోగొట్టుకున్న తల్లికీ ఇదే మందు, పోరాటం ఓడిపోయిన దేశానికీ ఇదే మందు. కవిత్వంలో అయితే పోనీలే అనుకోవచ్చు. కాని పరామర్శకు వెళ్ళినవాళ్ళూ, పత్రికల్లో సంపాదకీయాలు రాసేవాళ్ళూ, ఆఖరికి ప్రభుత్వాలూ కూడా ఇదే మాట పట్టుకుంటే జరిగే అన్యాయం చిన్నది కాదు. వసంతం పేరు చెప్పి దుఃఖాన్ని ఖాళీ చేయించే హక్కు ఎవరికీ లేదన్నది నా వాదన. అందుకు సాక్ష్యం కోసం మామిడి చిగుళ్ళూ కోయిలలూ వున్న చోటికి వెళితే లాభం లేదు. వసంతం రావటమే అరుదైన చోటికి వెళ్ళాలి.

దక్షిణ అమెరికాలో చిలీ దేశానికి ఉత్తరాన అటకామా ఎడారి వుంది. ధ్రువప్రాంతాలను పక్కన పెడితే భూమి మీద ఇంతకన్నా పొడినేల లేదంటారు. మన అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో వాన పడుతుంది, దాన్ని కరువు జిల్లా అంటున్నాం. అటకామా నడుమ వున్న కలామా పట్నంలో ఏడాది మొత్తానికి పడేది 5 మిల్లీమీటర్లు. ఒక గ్లాసు అడుగు తడిసేంత. అయితే ఎడారి అంతా ఒక్క తీరుగా వుండదు. దక్షిణపు అంచున, కోపియాపోకూ వాయెనార్‌కూ నడుమనున్న మైదానాల్లో, ఎల్ నినో వచ్చిన ఏళ్ళలో నాలుగు చినుకులు ఎక్కువ రాలతాయి. ఒక పదిహేను మిల్లీమీటర్లు పడితే చాలు, ఏళ్ళ తరబడి మట్టిలో పడివున్న గింజలూ దుంపలూ లేస్తాయి. దక్షిణార్ధగోళం గనక అక్కడ వసంతం సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వస్తుంది. కనుచూపుమేర ఊదారంగు ‘పాతా దె గ్వానాకో’, నీలి ‘సుస్పీరో’, పసుపూ ఎరుపూ ‘అన్యాన్యూకా’. రెండువందలకు పైగా జాతులు. కొన్ని వారాలే వుంటుంది ఈ సంబరం. దాన్ని వాళ్ళు ‘పూసిన ఎడారి’ అంటారు. 1997లో, 2015లో, 2017లో బ్రహ్మాండంగా పూసింది.

అన్యాన్యూకా పువ్వు గురించి ఆ ప్రాంతంలో ఒక కథ చెబుతారు. మోంటే పాట్రియా అనే వూళ్ళో ఆ పేరు గల పిల్ల ఒకతె ఒక గనివాణ్ణి ప్రేమించింది. అతగాడికి కలలో ఏదో భూతం కనపడి ఫలానా చోట గని వుందని చెప్పిందట. తిరిగి వస్తానని మాటిచ్చి ఎడారిలోకి పోయాడు. ఎండమావులు మింగేశాయి, రాలేదు. పిల్ల ఎదురుచూసి చూసి బెంగతో పోయింది. వాన పడుతున్న రోజున పాతిపెట్టారు. మర్నాడు ఎండ కాసేసరికి లోయంతా ఎర్రపూలు. మన వూళ్ళలోనూ ఇలాంటి కథలు కొల్లలు. చక్కని కథే. కాని ఒక సంగతి గమనించండి: ఎదురుచూసేది ఆడది, బెంగతో చచ్చేదీ ఆడదే, ఆమె చావగానే అందరికీ పూలు. కథ చెప్పేవాడికి ఎంత సౌకర్యం! నిజంగా అదే ఎడారిలో మనుషులు మాయమైనప్పుడు అక్కడి ఆడవాళ్ళు బెంగతో చావలేదు. పారలు కొనుక్కున్నారు.

ఆ కథ 1973 వసంతంలో మొదలవుతుంది.

చిలీ అనగానే మన విద్యార్థులకు మొదట గుర్తొచ్చేది నెరూడా. ఆయన్ని 1945లో సెనేటుకు పంపింది ఈ ఎడారి ప్రాంతాలే, తారాపకా, అంటోఫగాస్టా. ఉప్పుగనుల, రాగిగనుల కార్మికుల ఓట్లు. 1973 సెప్టెంబరు 11న జనరల్ పినోచెట్ నాయకత్వాన సైన్యం తిరగబడి ఎన్నికైన ప్రభుత్వాన్ని కూల్చింది. అధ్యక్షుడు సాల్వడార్ అయెండే అధ్యక్ష భవనంలోనే మరణించాడు. నెరూడా సెప్టెంబరు 23న పోయాడు. అంటే సరిగ్గా వసంతం ప్రవేశించే రోజుల్లో. ఇంతవరకు మనలో చాలామందికి తెలుసు. ఆ తర్వాతి నెలలో ఎడారిలో ఏం జరిగిందో అంతగా తెలియదు.

అక్టోబరులో జనరల్ సెర్హియో అరెయానో స్టార్క్ అనే అధికారి ప్యూమా హెలికాప్టర్‌లో కొందరు అనుచరులతో ఉత్తరానికి బయలుదేరాడు. ప్రాంతీయ సైనికాధికారులు మెతకగా వున్నారని రాజధానిలో అనుమానం. దిగిన ప్రతి వూళ్ళోనూ జైలు జాబితా తెప్పించటం, పేర్లకు టిక్కులు పెట్టటం, వాళ్ళను బయటికి తీసి చంపటం. అక్టోబరు 16న లా సెరెనాలో 15 మంది. 16 రాత్రి, 17న కోపియాపోలో 16 మంది. 18 రాత్రి అంటోఫగాస్టాలో 14 మంది. 19న కలామాలో 26 మంది. నాలుగు వూళ్ళు, 71 మంది. చరిత్రలో దీనికి ‘మృత్యు బిడారు’ అని పేరు పడింది. ఆ హెలికాప్టర్ లా సెరెనా నుంచి కోపియాపోకు వెళ్ళిన దారి, పటం తీసి చూడండి, పూలు పూసే దారే.

చనిపోయినవాళ్ళు ఎవరు? లా సెరెనాలో హొర్హె పెన్యా హెన్ అనే సంగీతకారుడు వున్నాడు. బీదపిల్లలకు వయొలిన్లూ సెల్లోలూ చేతికిచ్చి, 1964లో అక్కడ పిల్లల సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టినవాడు. లాటిన్ అమెరికాలో అలాంటిది అదే మొదటిది. పిల్లల్ని క్యూబాకు కచేరీకి తీసుకువెళ్ళి వచ్చాడు; వయొలిన్ పెట్టెల్లో తుపాకులు తెచ్చాడని పుకారు. జైల్లో కాగితం ముక్క మీద, కాలిన అగ్గిపుల్ల మసితో ఒక రాగం రాసుకున్నాడు. ఆ కాగితం మిగిలింది, మనిషి మిగల్లేదు. కలామాలో కార్లోస్ బెర్గర్ అనే యువకుడు స్థానిక రేడియో నడిపేవాడు. తిరుగుబాటు రోజున రేడియో ఆపమంటే ఆపలేదు. ఆ నేరానికి వేసిన శిక్ష అరవై చిల్లర రోజులు. రోజుల్లో లెక్కపెట్టుకునే శిక్ష అనుభవిస్తున్నవాణ్ణి బయటికి తీసుకుపోయి చంపారు. ఆయన భార్య కార్మెన్ హెర్త్స్ న్యాయవాది. ఆ తర్వాత జీవితమంతా ఈ కేసుల వెంటే నడిచింది, పార్లమెంటుకూ ఎన్నికైంది.

కోపియాపో వాళ్ళలో పదముగ్గురి గురించి సైన్యం ఇచ్చిన వివరణ: వేరే జైలుకు తరలిస్తుండగా దారిలో లారీ చెడిపోయింది, ఖైదీలు పారిపోబోయారు, కాల్చవలసి వచ్చింది. ఈ రకం వివరణ ఎలా వుంటుందో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

కలామాలో శవాలు ఇవ్వలేదు. ఏడాది ఆగండి, ఇస్తాం అన్నారు. ఏడాది అయింది, ఇవ్వలేదు. అప్పటికే భార్యలూ తల్లులూ అక్కచెల్లెళ్ళూ అర్థం చేసుకున్నారు. పారలు, జల్లెడలు పట్టుకుని ఎడారిలోకి నడిచారు. ఎక్కడో ఒక చోట మట్టి కదిలినట్టుందంటే అక్కడ తవ్వటం, ఎవరో లారీవాడు ఒక మాట చెబితే అక్కడికి పోవటం. పగలు మాడ్చే ఎండ, రాత్రి గడ్డకట్టే చలి. వూరు సముద్రమట్టానికి రెండువేల మీటర్లకు పైన. ఇంట్లో పిల్లలు, సంపాదించేవాడు లేడు, ఇరుగుపొరుగు మాట్లాడటానికి భయపడే రోజులు. ఇలా 17 ఏళ్ళు. మన డిగ్రీ కోర్సు మూడేళ్ళు గడిచేసరికే ఎంత ఆయుర్దాయం ఖర్చయినట్టు మాట్లాడతాం! 1990లో, పినోచెట్ గద్దె దిగిన తర్వాత, కలామాకు కొంత దూరంలో ‘రాబందు లోయ’ అనే చోట గొయ్యి దొరికింది. గొయ్యిలో మనుషులు లేరు. ఎముక ముక్కలు, పళ్ళు, గుడ్డ పీలికలు. 1970ల నడుమ సైన్యమే యంత్రం పెట్టి తవ్వి శవాలను వేరే చోటికి తరలించిందనీ, సముద్రంలో పారేసిందనీ తర్వాత బయటికి వచ్చింది. యంత్రం పళ్ళకు చిక్కకుండా జారినవే ఈ ముక్కలు.

పాట్రీసియో గుస్మాన్ అనే చిలీ దర్శకుడు 2010లో తీసిన ‘నోస్టాల్జియా ఫర్ ది లైట్’ అనే డాక్యుమెంటరీలో ఈ స్త్రీలు మాట్లాడతారు. వీలైతే మన ఫిలిం క్లబ్బు తెప్పించాలి. అందులో ఒక సోదరి చెబుతుంది: ఆమెకు దక్కింది తమ్ముడి పాదం, మేజోడుతో సహా. దాన్ని ఇంటికి తెచ్చుకుని ఒక పొద్దంతా దాని దగ్గర కూర్చుంది. తమ్ముడు చనిపోయాడని నిజంగా తెలిసింది అప్పుడేనట. పదిహేడేళ్ళ తర్వాత. ఆ పదిహేడేళ్ళలో ఎన్ని వసంతాలు వచ్చాయో, ఎంతమంది ఆమెతో ఇక మరిచిపో తల్లీ అని వుంటారో వూహించుకోవచ్చు. మరిచిపోవటానికి ముందు జరగవలసింది ఒకటుంది గదా, తెలియటం. అదే జరగనివ్వలేదు.

ఆ సినిమాలోనే వియొలేతా బెర్రియోస్ అనే స్త్రీ ఇంకో మాట అంటుంది. అటకామాలో గాలి పొడిగా, ఆకాశం తేటగా వుంటుంది గనక ప్రపంచంలోని పెద్ద పెద్ద దుర్భిణులు చాలా అక్కడ పెట్టారు. వాటితో ఆకాశంలోకి చూసినట్టే భూమిలోకి కూడా చూడగలిగితే ఎంత బాగుండేది అని ఆమె కోరిక. కోట్ల ఏళ్ళ కిందట నక్షత్రాల నుంచి బయలుదేరిన వెలుగును పట్టుకునే దేశం, 1973 అక్టోబరులో తన సొంత సైన్యం ఎక్కడ గొయ్యి తవ్విందో చెప్పలేకపోయింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కాలమే అన్నిటినీ మాన్పుతుంది అంటాం మనం. ఈ మాట వానలు కురిసే దేశాల్లో పుట్టిన మాట. అక్కడ మట్టి తడిగా వుంటుంది, పడ్డదల్లా కుళ్ళుతుంది, కుళ్ళినదాని మీద గడ్డి మొలుస్తుంది, రెండేళ్ళకు చోటు కూడా ఆనవాలు పట్టలేం. ఎడారిలో అది చెల్లదు. అటకామా మట్టి దేన్నీ కుళ్ళనివ్వదు. ఆరికా దగ్గర సముద్రతీరాన చించోరో అనే బెస్తజాతి వుండేది. ఏడువేల ఏళ్ళ కిందటే వాళ్ళు తమ చనిపోయినవాళ్ళను మమ్మీలుగా చేసి వుంచుకున్నారు. ఈజిప్టు వాళ్ళకన్నా రెండువేల ఏళ్ళు ముందు. ఈజిప్టులో ముందు రాజులు, ఆ తర్వాతే మిగతావాళ్ళు. వీళ్ళు పసిపిల్లల్ని కూడా చేశారు. వాళ్ళు తాగిన కమరోనెస్ లోయ నీళ్ళలో పాషాణం ఎక్కువ, అందుకని పిల్లలు దక్కేవారు కాదు, ఆ కడుపుకోతలోంచే ఈ అలవాటు పుట్టి వుంటుందని బెర్నార్డో అర్రియాసా అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. కొన్ని మమ్మీల ముఖాలకు మళ్ళీ మళ్ళీ రంగు పూసిన గుర్తులున్నాయి. అంటే పాతేసి వూరుకోలేదు. మధ్యలో ఉంచుకున్నారు, చూసుకున్నారు. వాళ్ళకు ఎవరూ ఇంక చాలు అని చెప్పలేదు కాబోలు.

ఏ పొడి మమ్మీలను వుంచిందో, ఆ పొడే కలామా స్త్రీలకు ఎముకలను వుంచింది. ఆ పొడే పూల గింజల్ని కూడా ఏళ్ళకొద్దీ వుంచుతుంది. ఎడారిలో వసంతమంటే ఏదో కొత్తది దిగిరావటం కాదన్నమాట. నేల పారేయకుండా దాచుకున్నది బయటికి రావటం. వృక్షశాస్త్రం వాళ్ళకు ఇంకో సంగతి తెలుసు. ఎడారి మొక్కల గింజలన్నీ ఒకే వానకు మొలవవు. ఎంత మంచి వాన పడినా కొన్నే మొలుస్తాయి, మిగతావి మట్టిలోనే ఆగుతాయి. ఒకవేళ తర్వాత వాన లేక మొలిచినవన్నీ మాడిపోతే వంశం నిలవాలి గదా! డాన్ కోహెన్ అనే ఆయన 1966లోనే దీనికి లెక్కలు కట్టి చూపించాడు. పూలు విరగబూసిన రోజున కూడా ఆ నేల కింద ఆగివున్నవి వున్నాయి. మనం పైన చూసి ఎడారికి వసంతం వచ్చిందంటాం.

దుఃఖంలో వున్న మనిషి సంగతీ నాకు ఇలాగే కనిపిస్తుంది. నవ్వుతుంది, పిల్ల పెళ్ళికి పసుపు దంచుతుంది, పక్కింటివాళ్ళతో సినిమాకు వెళుతుంది. అంతమాత్రాన అయిపోయిందని కాదు. అయిపోలేదని పట్టుకుని, నవ్విందే అని దెప్పటం ఇంకా నీచం. రెండూ ఒక మనిషిలో వుంటాయి. వుండనివ్వాలి.

చిలీలో ప్రభుత్వం వుండనివ్వలేదు. 1978లో పినోచెట్ క్షమాభిక్ష చట్టం చేశాడు: 1973 సెప్టెంబరు 11 నుంచి 1978 మార్చి 10 దాకా జరిగిన నేరాలకు శిక్ష లేదు. దేశం ప్రశాంతంగా వుంది, గాయాలు మానాలి, ముందుకు చూద్దాం అన్నది దాని భాష. చూడండి, పరామర్శ భాషే ఇది! గాయపడ్డవాళ్ళు తమంతట తాము అనవలసిన మాటను గాయం చేసినవాడు చట్టంగా రాయించుకున్నాడు. ప్రజాస్వామ్యం తిరిగి వచ్చాక కూడా ఆ చట్టం అడ్డంగా నిలబడింది. దాన్ని దాటటానికి హువాన్ గుస్మాన్ అనే న్యాయమూర్తి ఒక దారి కనిపెట్టాడు. హత్య అయితే 1973లో అయిపోయింది, క్షమాభిక్ష వర్తిస్తుంది. కాని శవం దొరకలేదంటే హత్య రుజువు కాలేదు. ఎత్తుకుపోయారన్నది ఒక్కటే రుజువయింది. ఎత్తుకుపోయినవాణ్ణి తిరిగి ఇవ్వలేదు గనక అపహరణ ఇంకా కొనసాగుతూనే వుంది, 1978తో ఆగలేదు. 1999లో సుప్రీంకోర్టు ఈ వాదన ఒప్పుకుంది. ‘నిరంతర అపహరణ’ అని దాని పేరు. లాయర్ల చమత్కారమని కొందరు నవ్వారు. నాకు మాత్రం, కలామా స్త్రీలు పారలు పట్టుకుని పాతికేళ్ళుగా చెబుతున్న మాటే చివరికి కోర్టు చెప్పినట్టు తోస్తుంది. వాళ్ళకు అది 1973 కాదు, ప్రతిరోజూ జరుగుతున్నదే. వాళ్ళు మరిచిపోయి వుంటే కోర్టు ముందు కేసే లేదు. అంతకు ముందు ఏడాది, 1998 అక్టోబరు 16న, లండన్‌లో పినోచెట్‌ను అరెస్టు చేశారు. లా సెరెనా హత్యలకు ఆ రోజుకు సరిగ్గా 25 ఏళ్ళు. పోతే, అతడు శిక్ష పడకుండానే 2006లో చచ్చాడు. అరెయానోకు 2008లో ఆరేళ్ళు వేశారు, మతిమరుపు జబ్బని జైలుకు పంపలేదు. మరిచిపోయే సౌకర్యం కూడా వాళ్ళకే దక్కింది.

ఎక్కడో చిలీ గొడవ మనకెందుకు అనే మిత్రులుంటారు. శవం లేని చావు మనకు తెలియనిదా? వేటకు వెళ్ళి తిరిగిరాని బెస్తవాళ్ళు మన తీరం పొడుగునా వున్నారు. 1977 నవంబరు 19 రాత్రి దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పోయినవాళ్ళు వేలమంది. ఎందరి శవాలో ఎవరివో ఆనవాలు పట్టలేకపోయారు. నాలుగున్నర నెలలకు కాళయుక్తి ఉగాది వచ్చింది. వేపపూత వచ్చే వుంటుంది, చెట్టుకేం తెలుసు!

మన పెద్దలు ఈ విషయంలో మనకన్నా తెలివైనవాళ్ళు. చావు జరిగిన ఇంటికి చిన్నదినం, పెద్దదినం, మాసికాలు, సంవత్సరీకం అని ఒక కొలత పెట్టారు. ఏడాది పాటు ఆ ఇంట్లో పండుగ లేదు. వసంతం వచ్చినా సరే, వాళ్ళ గడపకు తోరణం కట్టమని ఎవరూ అడగరు. ఇరుగుపొరుగే ఇంత పచ్చడి తెచ్చి ఇస్తారు. ఛాందసమని కొట్టిపారేసేవాళ్ళం గాని, దుఃఖానికి ఒక చోటు, ఒక గడువు, నలుగురి గుర్తింపు ఇందులో వున్నాయి. శవం దొరకని వాళ్ళ కోసం కూడా ఆలోచించారు. గరుడ పురాణం ప్రకారం మోదుగ కాడలతో మనిషి బొమ్మ చేసి దహనం చెయ్యాలి, 360 కాడలు. ఆ మోదుగే ఫాల్గుణంలో ఆకంతా రాల్చి అడవికి నిప్పంటించినట్టు పూస్తుంది. వసంతానికీ చావుకీ ఒకే చెట్టు. ఇది ఏ కవీ కల్పించింది కాదు, వూళ్ళో పురోహితుడికి తెలిసిన సంగతి.

అయితే ఎప్పుడు చెయ్యాలి ఆ దహనం? పన్నెండేళ్ళు చూడమంటారు పెద్దలు. చట్టం ఏడేళ్ళంటుంది, 1872 నాటి సాక్ష్య చట్టంలోనూ అంతే, దాని స్థానంలో 2024 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ అంతే. ఏడేళ్ళ పాటు కబురు లేకపోతే పోయినట్టు భావించవచ్చు. ఈ లోపల బెస్తవాడి పెళ్ళాం ఏమిటి? బొట్టు పెట్టుకుంటే వూరు ఒక మాట అంటుంది, తీసేస్తే అత్తగారు ఒక మాట అంటుంది. ఆఫీసులో గుమాస్తా సర్టిఫికెట్టు ఏదమ్మా అంటాడు. ఉన్నాడని చెప్పే అధికారమూ లేదు, లేడని చెప్పే అధికారమూ లేదు. ఆమెను చూసి, ఎన్నాళ్ళమ్మా ఇలా, మళ్ళీ బతుకు మొదలెట్టు అనటం సులభం. అనేవాళ్ళలో ఒక్కరైనా ఆమె వెంట ఆ గుమాస్తా బల్ల దాకా వెళితే అది పరామర్శ.

తిరిగి పూల దగ్గరికి. పూలంటే నాకు కోపమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. 2015 మార్చిలో అటకామాలో ఎన్నడూ లేని వానలు కురిసి, కోపియాపో, చన్యారల్ పట్నాల మీదికి బురద వరద విరుచుకుపడింది. పాతికమందికి పైగా పోయారు, ఇళ్ళు పోయాయి, కొందరి జాడే దొరకలేదు. ఆరు నెలలు తిరిగేసరికి, ఆ నీళ్ళకే, ఏళ్ళ తరబడి చూడనంతగా ఎడారి పూసింది. ప్రపంచం నలుమూలల నుంచీ పర్యాటకులు కెమెరాలతో దిగారు. పత్రికలన్నీ ఒకటే శీర్షిక: మృత్యువు నుంచి జీవం. బురద ఎత్తిపోసుకుంటున్న ఇంటిల్లిపాది ఆ శీర్షిక చదివితే ఏమనుకుంటుంది? అయినా వాళ్ళూ ఆదివారం పిల్లల్ని తీసుకుని పూలు చూడటానికి వెళ్ళి వుంటారు. వెళ్ళాలి కూడా. చూసి ఏడ్చినా, చూసి నవ్వినా వాళ్ళ ఇష్టం. పూలు తొక్కకుండా, తవ్వుకుపోకుండా కాపాడటానికి జాతీయ ఉద్యానం చేస్తామని 2022లో ప్రభుత్వం ప్రకటించింది. మంచి పనే. పూలకు రక్షణ ఇచ్చినంత సులభంగా ఎముకలకు ఇవ్వలేకపోయారే అని మాత్రం అనిపిస్తుంది.

కలామాలో అసలు పువ్వే పూయదు. ఎల్ నినో వచ్చినా రాకపోయినా అక్కడ అదే మట్టి, అదే రాయి. కాబట్టి ఆ స్త్రీలు అక్టోబరు 19న తమ పూలు తామే తీసుకువెళ్ళారు. ఎర్ర కార్నేషన్లు. ఎక్కడో నీళ్ళున్న చోట పెంచినవి, డబ్బిచ్చి కొన్నవి. గొయ్యి ఎక్కడో తెలియని రోజుల్లో ఎడారిలో ఒక చోట నిలబడి ఇసుక మీద వేసేవారు. పౌలా అలెన్ అనే ఫొటోగ్రాఫర్ ఏళ్ళ పాటు వాళ్ళ వెంట తిరిగి తీసిన ఫొటోలను 1999లో పుస్తకంగా వేసింది. పేరు ‘ఎడారిలో పూలు’. కోపియాపో మైదానాల తివాచీలు చూద్దామని ఆ పుస్తకం తెరిస్తే అవి కనపడవు. నడివయసు దాటిన ఆడవాళ్ళు, పారలు, చేతిలో ఆ నాలుగు కార్నేషన్లు.

2023 ఆగస్టు 30న, తిరుగుబాటుకు యాభై ఏళ్ళు నిండబోతుండగా, అప్పటి అధ్యక్షుడు గాబ్రియేల్ బోరిక్ జాతీయ అన్వేషణ ప్రణాళిక ప్రకటించాడు. మాయమైనవాళ్ళను వెతికే పని ఇకనుంచి కుటుంబాలది కాదు, ప్రభుత్వానిది అన్నాడు. అప్పటికి లెక్క: మాయమైనవాళ్ళు, చంపి శవం ఇవ్వనివాళ్ళు కలిసి 1,469 మంది. ఆనవాలు పట్టగలిగింది 307 మందిని. మిగతా 1,162 మందిలో కోపియాపోలో చంపిన ముగ్గురు వున్నారు. వాళ్ళతోపాటు చంపిన పదముగ్గురూ 1990లో ఆ వూరి శ్మశానంలోనే దొరికారు. ఆ ముగ్గురూ ఎక్కడన్నది ఆ హెలికాప్టర్ దిగిన రోజు నుంచి ఎవరూ చెప్పలేదు. పూలు మాత్రం 2015లోనూ, 2017లోనూ ఆ వూరి చుట్టూ పూశాయి.